వరంగల్‌లో సీటొచ్చింది, ఇంట్లో రీఫ్ ట్యాంక్ ఉంది. ఏం చేయమంటారు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
జూన్ 27

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా మీ పోస్టులు చదువుతూ, మిమ్మల్ని అడుగుతూ రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్ళలో చేపలు, పగడాలు పెంచే అక్వేరియం) పెంచుకున్నవాణ్ణి. వరంగల్ నిట్‌లో సీటొచ్చింది. ఇంట్లో అందరికీ పండగలా ఉంది, నాకూ సంతోషంగానే ఉంది. కానీ రాత్రి లైట్లు నీలంలోకి మారే వేళకి ట్యాంక్ ముందు కూర్చుంటే మనసు ఒకచోట నిలవడం లేదు. నెల రోజుల్లో వెళ్ళిపోవాలి.

ట్యాంక్ మూడడుగులది, 200 లీటర్లు. కింద సంప్‌లో, అంటే అదనపు నీళ్ళ తొట్టిలో, ఇంకో 40. తొమ్మిదో తరగతి సెలవుల్లో మొదలుపెట్టాను. ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జంట, ఒక బబుల్ టిప్ ఎనిమోన్ (పువ్వులా విచ్చుకునే, కుట్టే సముద్ర జీవి), ఒక క్లీనర్ రొయ్య, నత్తలు, మెత్తటి పగడాల్లో పెద్ద లెదర్ కోరల్ ఒకటి, మష్రూములు, జోవాంథిడ్లు నాలుగు రంగుల్లో ఉన్నాయి. మురికి తీసే స్కిమ్మర్, నీళ్ళు చల్లబరిచే చిల్లర్, నీళ్ళు కదిలించే వేవ్‌మేకర్లు రెండు. టాప్ ఆఫ్ (ఆవిరైపోయినంత మంచినీళ్ళు మళ్ళీ పోయడం) మాత్రం నేనే చేత్తో చేస్తాను, రోజుకి మూడు లీటర్ల దాకా పడుతుంది.

ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ ఉంటారు. అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది, దసరా సంక్రాంతులకి తల ఎత్తే తీరిక ఉండదు. నాన్నవి షిఫ్టు డ్యూటీలు.

నాకు తోచినవి మూడు దారులు. మొత్తం అమ్మేయడం. ఎవరికైనా ఇచ్చేయడం. ఆటోమేటిక్ పరికరాలు పెట్టి ఫోన్లో చూసుకుంటూ ఇంట్లోనే ఉంచడం. మావయ్య అయితే "కళింగపట్నం తీసుకెళ్ళి సముద్రంలో వదిలేయరా, పుణ్యం వస్తుంది" అంటున్నాడు. ఆ మాట నాకు సరిగా అనిపించలేదు గానీ ఎందుకు తప్పో గట్టిగా చెప్పలేకపోయాను.

మీరైతే ఏం చేస్తారు?

ఉప్పునీరు (విశాఖపట్నం)
జూన్ 27

ముందుగా అభినందనలు తమ్ముడూ. సీటు తెచ్చుకోవడం మాటలు కాదు.

సలహా ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు. కరెంటు పోతే ఇప్పుడు ఏం చేస్తున్నావు? నువ్వు ఊరెళ్ళినప్పుడు ఇంతకుముందు ఎవరైనా ట్యాంక్ చూశారా, చూస్తే ఎన్ని రోజులు?

నాగావళి ఒడ్డు
జూన్ 27

అన్నా, ఇంటి ఇన్వర్టర్ ఉంది, 150 ఏహెచ్ బ్యాటరీ. ట్యాంక్‌కి ఒక ప్లగ్ దాని మీద ఉంది. పరీక్షలకి విశాఖ వచ్చినప్పుడు రెండు రోజులు నాయనమ్మ మేత వేసింది. అంతకుమించి ఎవరూ చూడలేదు.

కళింగతీరం (గార మండలం)
జూన్ 28

మీ మావయ్య మాటకి నేను జవాబు చెప్తాను. మాది వేట మీద బతికిన కుటుంబం, ఈ నీళ్ళు నాకు తెలుసు.

ఒసెల్లారిస్ క్లౌన్లు అండమాన్ దగ్గర ఉంటాయి, అక్కణ్ణుంచి తూర్పుకి. మన ఒడ్డున ఉండవు. మన దగ్గర పగడపు దిబ్బ లేదు, ఇసుక, ఒండ్రు. వంశధారకి వరదొస్తే కళింగపట్నం మొగలో నీళ్ళు టీ రంగులో కొన్ని కిలోమీటర్ల దాకా కనిపిస్తాయి. ఉప్పు కూడా పడిపోతుంది. వానలు పోయాక ఒడ్డు నీళ్ళని రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పుని నీళ్ళ సాంద్రతలో చూపే పరికరం) చూస్తే 1.018 చూశాను నేను. నీ ట్యాంక్‌లో 1.026లో బతికిన చేప, దాక్కోవడానికి ఎనిమోన్ లేని చోట, వేటాడే చేపల మధ్య ఒక్క గంట ఉంటుందేమో. అది పుణ్యం ఎలా అవుతుంది?

రెండోది, బతికితే ఇంకా ప్రమాదం. అట్లాంటిక్‌లో మన వైపు లయన్ ఫిష్ ఇప్పుడు దండుగా పెరిగిపోయి అక్కడి చిన్న చేపల్ని తినేస్తోంది. ఇళ్ళలో పెంచినవాళ్ళు వదిలినవే మూలం అంటారు. మధ్యధరా సముద్రంలో 1984లో మొనాకో దగ్గర మొదట కనిపించిన కౌలెర్పా నాచు కూడా అక్వేరియం నుంచి వెళ్ళినదే. చేపతో పాటు దాని రోగాలూ వెళ్తాయి. మావయ్యగారికి ఇలాగే చెప్పు, అర్థం చేసుకుంటారు.

బొంకుల దిబ్బ (విజయనగరం)
జూన్ 28

నేనైతే మొత్తం అమ్మేసి ఆ డబ్బుతో లాప్‌టాప్ కొనుక్కోమంటాను. చదువు నాలుగేళ్ళు. హాస్టల్లో ట్యాంక్ పెట్టుకోనివ్వరు. ఆ తర్వాత ఉద్యోగం ఏ ఊళ్ళోనో. ఇంట్లో ఉంచితే ఫోన్ మోగిన ప్రతిసారీ గుండె దడ. సామాన్లు విడివిడిగా అమ్మితే మంచి ధర వస్తుంది, ముఖ్యంగా చిల్లర్, స్కిమ్మర్. జీవాల్ని షాపుకి తిరిగి ఇవ్వకు. నేను ఒకసారి ఇచ్చాను. రోగంతో ఉన్న చేపల ట్యాంక్‌లోనే కలిపేశారు, వారంలో అన్నీ పోయాయి. మనుషులకే ఇవ్వు, చూసుకోవడం వచ్చినవాళ్ళకి.

టెక్కలి టైడ్ (టెక్కలి, ప్రస్తుతం హైదరాబాద్)
జూన్ 28

ఇది ఇప్పటిదాకా ఇక్కడ రాయలేదు. నీ పోస్ట్ చూశాక రాయాలనిపించింది.

2018లో నేనూ నీలాగే ట్యాంక్ ఇంట్లో వదిలి కాలేజీకి వెళ్ళాను. అప్పటికి నాకున్నది అడుగున్నర ట్యాంక్. టైమర్లు పెట్టాను, టాప్ ఆఫ్ పెట్టాను, కెమెరా పెట్టాను. అంతా ఫోన్లో కనిపించేది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు, ఫోన్లు అన్నీ ఒకేసారి పోయాయి. ఫోన్లో కెమెరా చివరి చిత్రం రాత్రి 1:50ది. దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

మూడో రోజు సాయంత్రం అమ్మ ఫోన్ కలిసింది. ఇంటి మీద రేకులు లేచిపోయాయి, వెనక కొబ్బరిచెట్లు రెండూ పడిపోయాయి. నేను అడగకముందే "చేపలు రెండు బతికున్నాయి నాన్నా" అంది. చెంబుతో నీళ్ళు పైకెత్తి మళ్ళీ అందులోనే పోసిందట, పగలు గంటకోసారి, రాత్రి లేచినప్పుడల్లా. గాలి తగలాలని ఎప్పుడో నేనన్న మాట గుర్తుపెట్టుకుంది. ఇంటి మీద కప్పు లేదు, అమ్మ నా చేపలకి చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆరు రోజులకి కరెంటు వచ్చింది. అప్పటికి అవి కూడా పోయాయి. నాకు ఫోన్లో చెప్పలేక నాన్నతో చెప్పించింది.

చేపలు పోయినందుకు బాధపడ్డాను. కానీ అమ్మ మీద అంత బరువు పెట్టానే అన్నది ఇప్పటికీ పోలేదు. నువ్వు పరికరాల గురించి రాశావు. తుఫాను మన జిల్లాకి అక్టోబరులో వస్తుంది, నువ్వు అప్పుడు వరంగల్‌లో ఉంటావు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరే. గులాబ్ 2021 సెప్టెంబరు చివర్లో. దీన్ని లెక్కలో పెట్టుకుని నిర్ణయం తీసుకో.

నాగావళి ఒడ్డు
జూన్ 28

అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తిత్లీ అప్పుడు నేను చిన్నవాణ్ణి, ఇంట్లో కొవ్వొత్తుల వెలుగులో అన్నం తిన్నది గుర్తుంది. అమ్మకి ఆ బరువు పెట్టకూడదు. అమ్మేయడమే మంచిదేమో.

సంపంగి (విజయనగరం, కంటోన్మెంట్)
జూన్ 29

బాబూ, నేను ఈ వైపు ఉన్న మనిషిని. మా అబ్బాయి చెన్నైలో చదువుకోడానికి వెళ్తూ 100 లీటర్ల ట్యాంక్ నా చేతిలో పెట్టాడు. మూడేళ్ళు నేనే చూశాను. అందుకే ఇక్కడ సభ్యురాలినయ్యాను.

టెక్కలి బాబు రాసింది చదివి కళ్ళు తుడుచుకున్నాను. కానీ అతనితో ఒక మాట చెప్పాలి. మీ అమ్మగారు ఆ చెంబుతో పోసింది బరువనుకుని కాదు నాన్నా. కొడుకు ఇంట్లో లేడు, కొడుకు వదిలింది ఒక్కటి కళ్ళముందు ఉంది. దాన్ని ఊరికే చూస్తూ కూర్చోలేకపోయారు. నువ్వు దాన్ని తప్పుగా మోస్తున్నావు.

ఇక శ్రీకాకుళం బాబుకి. నీ మొదటి పోస్ట్ రెండుసార్లు చదివాను. ట్యాంక్ కొలతలు రాశావు, పరికరాలు రాశావు, అమ్మకి తీరిక ఉండదని నువ్వే రాసేశావు. అమ్మని అడిగావా? ఇప్పుడు అమ్మేస్తానంటున్నావు, అదీ ఆమెని అడగకుండానే. కూర్చోబెట్టి అడుగు. "ఉంచుకుంటావా" అని అడగకు, అలా అడిగితే ఏ తల్లీ కాదనదు. రోజూ ఉండే పని ఏమిటో, వారానికి ఉండే పని ఏమిటో, ఏం చెడిపోతే ఎంత కష్టమో మొత్తం చెప్పి, "ఇందులో నీ వల్ల అయ్యేది ఎంత" అని అడుగు. మా వాడు నన్ను అలా అడగలేదు. మొదటి రెండు నెలలు నాకు భయంతో నిద్ర లేదు. రాత్రి పంపు చప్పుడు మారితే లేచి హాల్లోకి వెళ్ళేదాన్ని. తర్వాత ఆ చప్పుడే తోడైంది, అది వేరే సంగతి.

ఉప్పునీరు
జూన్ 29

సంపంగిగారు చెప్పింది చెయ్యి తమ్ముడూ, మిగతాది తర్వాత మాట్లాడదాం.

నాగావళి ఒడ్డు
జూలై 1

పిన్నిగారూ, అడిగాను. మీరు చెప్పినట్టే మొత్తం కాగితం మీద రాసి, అమ్మా నాన్నా నాయనమ్మా ముగ్గురినీ కూర్చోబెట్టి.

అమ్మ నిజం చెప్పింది. ఎనిమోన్ అంటే తనకి భయం. ఒకసారి అది నడిచివెళ్ళి వేవ్‌మేకర్ దగ్గర ఇరుక్కుంటే నేను అర్ధరాత్రి తీశాను, ఆ రోజు అమ్మ చూసింది. టెస్ట్ కిట్లలో చుక్కలు లెక్కపెట్టడం తన వల్ల కాదంది. ఆదివారం నీళ్ళు మార్చడం చేస్తానంది, బకెట్లు నాన్న మోస్తే. నాన్న సరేనన్నారు.

నాయనమ్మని ఎవరూ అడగడం లేదని మధ్యలో తనే అంది. "ఏటిరా, సముద్రాన్ని ఇంట్లో ఎట్టుకుని దాన్ని ఒగ్గేసి ఎల్లిపోతావేటి? నాను నాలుగింటికి లెగుత్తాను, నాకు పనేటుంది? ఆ నారింజ సేపల్ని నాను సూసుకుంటాను. మిగతా గడ్డీ గాదం ఎవులికైనా ఇచ్చీ."

గడ్డీ గాదం అంటే కోరల్స్. మూడేళ్ళు కష్టపడి పెంచిన జోవాంథిడ్లు. అయినా నాకు కోపం రాలేదు. ఇప్పుడు నాకు తోస్తున్నది, క్లౌన్లు రెంటినీ ఒక చిన్న 60 లీటర్ల ట్యాంక్‌లోకి మార్చి నాయనమ్మకి ఇచ్చి, మిగతావి ఇచ్చేయాలని. ఇది సరైనదేనా?

ఉప్పునీరు
జూలై 1

నాయనమ్మగారికి నా నమస్కారం చెప్పు.

మనుషుల సంగతి సరిగా తేల్చుకున్నావు, ట్యాంక్ సంగతి మాత్రం తలకిందులు. చిన్న ట్యాంక్ సులువని అందరూ అనుకుంటారు. ఉప్పునీళ్ళలో చిన్నదే కష్టం. 60 లీటర్లలో రెండు రోజులు టాప్ ఆఫ్ మర్చిపోతే ఉప్పు గబుక్కున పెరుగుతుంది. మేత ఒక చిటికెడు ఎక్కువైతే అమ్మోనియా చూపిస్తుంది. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే గంటలో వేడెక్కుతుంది. 240 లీటర్లు అంత తొందరగా కదలవు. కొత్తవాళ్ళ చేతికి ఇచ్చేది తప్పులు ఓర్చుకునే ట్యాంక్ అయి ఉండాలి.

అందుకని గాజు అలాగే ఉంచు, అందులో బరువు తగ్గించు. ఎనిమోన్ వెళ్ళిపోవాలి, మొదట అదే. అది చచ్చి కుళ్ళితే ఒక్క రాత్రిలో ట్యాంక్ మొత్తాన్ని తీసుకుపోతుంది. ఎనిమోన్ లేకపోయినా క్లౌన్లకి ఏమీ కాదు, లెదర్ కోరల్‌లో పడుకుంటాయి. జోవాంథిడ్లు, మష్రూములు ఇచ్చేయ్. లెదర్, నత్తలు, రొయ్య, రెండు చేపలు ఉండనీ. గట్టి కోరల్స్ లేవు కాబట్టి కాల్షియం, ఆల్కలినిటీ రోజూ చూడాల్సిన పని లేదు, నీళ్ళ మార్పుతో సరిపోతుంది. లైటు సగానికి తగ్గించు, దాంతో వేడి తగ్గి చిల్లర్ తక్కువ తిరుగుతుంది. నీ సామాన్లకి ఇప్పుడు నెలకి 140 యూనిట్ల దాకా కాలుతుండాలి, 90కి దిగుతుంది. నాన్నగారికి ఆ లెక్క కూడా చెప్పు, ఆయన అడగకపోయినా.

ఇంకోటి. మరీ తెలివైన పరికరాలు పెట్టకు. టాప్ ఆఫ్‌కి ఫ్లోట్ స్విచ్ (నీళ్ళు తగ్గితే దానంతట అదే పోసేది) పెడితే మంచినీళ్ళ డబ్బా 20 లీటర్లకి మించకూడదు. స్విచ్ ఇరుక్కుని ఒకేసారి మొత్తం పడిపోయినా వెయ్యికి 35 పాళ్ళున్న ఉప్పు (1.026 అంటే అదే) 32కి దిగుతుంది, అంతే. చేపలు తట్టుకుంటాయి. వంద లీటర్ల డ్రమ్ము పెట్టావంటే తట్టుకోవు. ఆటో ఫీడర్ వద్దు, మన సముద్రపు తేమకి మేత ముద్దకట్టి ఒకేసారి పడుతుంది.

ఎనిమోన్‌కి మంచి ఇల్లు దొరక్కపోతే నా దగ్గరికి తీసుకురా.

జీవశాస్త్రం మేష్టారు (పాలకొండ)
జూలై 2

రెండు హెచ్చరికలు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

జోవాంథిడ్లలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. తీసేటప్పుడు చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళలో వేయడం, ఉడకబెట్టడం, ఎండబెట్టి గీకడం ఎప్పుడూ చేయకూడదు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు ఇతర దేశాల్లో ఉన్నాయి. పెద్దావిడ ఉన్న ఇల్లు, రాళ్ళు శుభ్రం చేద్దామని మంచి మనసుతో మరిగే నీళ్ళు పోస్తారు. ఆ అవకాశమే లేకుండా వాటిని పూర్తిగా తీసేయడం మంచిది.

రెండోది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇచ్చిన జీవాల్లో రీఫ్ కట్టే గట్టి కోరల్స్ అన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు ఉన్నాయి. నీ జాబితాలో అవేవీ లేవు, సంతోషం. నువ్వు ఇచ్చే వాళ్ళు మారుగా "ఈ హ్యామర్ తీసుకో" అంటే, అది గట్టి కోరల్, తీసుకోవద్దు.

నాగావళి ఒడ్డు
జూలై 2

మేష్టారూ, మొదట్లో ఒక షాపులో గట్టి కోరల్ ముక్క చూపించి అందరూ పెంచుతున్నారులే అన్నారు. అప్పుడు ఇక్కడ మీ పాత పోస్టే చదివి ఆగిపోయాను. రాళ్ళు కూడా సిమెంటుతో చేసినవే వాడాను. నాయనమ్మ వేడినీళ్ళ సంగతి మీరు ఎలా పట్టుకున్నారో గానీ, పోయిన సంక్రాంతికి నా మాగ్నెట్ బ్రష్‌ని మరగబెట్టింది.

టెక్కలి టైడ్
జూలై 3

సంపంగిగారూ, మీ మాట అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. తర్వాత భోజనాల దగ్గర "ఆ చేపలు నా చెయ్యి చూసి దగ్గరికొచ్చేవిరా" అంది. ఏడేళ్ళలో మొదటిసారి ఆ సంగతి మాట్లాడుకున్నాం.

తమ్ముడికి పనికొచ్చే మాట. ఇన్వర్టర్‌ని నమ్ముకోకు, అలా వదిలేస్తే. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, టీవీ కూడా దాని మీదే ఉంటే నాలుగైదు గంటల్లో అయిపోతుంది. కరెంటు పోగానే మిగతావన్నీ ఆపేసి ఒక వేవ్‌మేకర్, ఒక గాలి పంపు మాత్రం ఉంచితే, ఇన్వర్టర్ తన కోసం తినేది పోను ఒకటిన్నర రోజు లాగుతుంది. మా ఇంట్లో ఆ మాట ఎవరికీ చెప్పలేదు నేను. దానికి తోడు టార్చి బ్యాటరీలతో నడిచే గాలి పంపులు రెండు కొని, గోడకి మేకు కొట్టి తగిలించు, బ్యాటరీలు పక్కనే. కరెంటు లేనప్పుడు మేత వేయకూడదని కూడా చెప్పు. పెద్దవాళ్ళు ఆకలేస్తుందని వేస్తారు.

సంపంగి
జూలై 3

నా నుంచి ఒక్క సలహా. ఇంకా మూడు వారాలు ఇంట్లోనే ఉంటావు కదా. రేపటి నుంచి నువ్వు వెళ్ళిపోయినట్టే అనుకో. ట్యాంక్ మీద చెయ్యి వేయకు. పక్క గదిలో కూర్చుని, వాళ్ళు అడిగితే ఫోన్లోనే జవాబు చెప్పు. చూసి చెప్పడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. తప్పు జరగనీ. నువ్వు ఇంట్లో ఉండగానే జరగనీ.

నాగావళి ఒడ్డు
జూలై 11

జరిగింది పిన్నిగారూ.

ఎనిమిదో తేదీ ఊరికే సాలినిటీ చూస్తే 1.028. మొదలుపెట్టినప్పుడు 1.026. నాయనమ్మ రోజూ తూచినట్టు మూడు లీటర్లు పోసింది, ఒక్క పూట కూడా తప్పలేదు. కానీ ఉప్పునీళ్ళ డ్రమ్ములోంచి పోసింది. "సముద్రానికి సప్పనీళ్ళు పోత్తారేటి ఎవులైనా" అని అడిగింది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుందని నేను ఎప్పుడూ చెప్పలేదు, నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను.

ఒక గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి డాబా మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. నాయనమ్మ వేలితో తీసి నాలుక మీద వేసుకుని, "ఇదేట్రా, నౌపడా ఉప్పుమళ్ళు ఇలాగే కదా" అంది. అంతే, ఇక మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. రెండు రోజుల్లో ట్యాంక్‌లోంచి 15 లీటర్ల నీళ్ళు తీసి ఆర్ఓ నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి దించాం.

ఇప్పుడు ఉప్పు డ్రమ్ము నీలం, మంచినీళ్ళ డబ్బా తెలుపు. సంప్ గాజు మీద నీళ్ళు ఉండాల్సిన చోట అమ్మ తన గోళ్ళ రంగుతో ఎర్ర గీత గీసింది. గీత కిందికి దిగితే తెల్ల డబ్బాలోంచి గీత దాకా పోయాలి. నాయనమ్మకి నంబర్లు అక్కర్లేదు.

బొంకుల దిబ్బ
జూలై 11

అమ్మేయమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. జోవాంథిడ్లు, మష్రూములు నాకు కావాలి. ఊరికే వద్దు, డబ్బిస్తాను. ఎనిమోన్‌ని విశాఖ తీసుకెళ్ళేటప్పుడు దారిలో విజయనగరంలో ఆగితే మా ఇంట్లో భోజనం.

నాగావళి ఒడ్డు
జూలై 13

అన్నా, డబ్బు వద్దు. రెండేళ్ళ తర్వాత నాకు ముక్కలు కావాలంటే మీరివ్వాలి, అంతే మాట.

ఎనిమోన్‌ని ఎలా తీయాలి? పాదం రాతి చీలికలోకి వెళ్ళిపోయింది.

ఉప్పునీరు
జూలై 13

లాగకు. పాదం చిరిగితే బతకడం కష్టం. రాయి తీయగలిగితే రాయితో సహా తీసుకురా, నీకు ఇంకో రాయి నేనిస్తాను, నా సంప్‌లో మూడేళ్ళుగా నానుతున్నదే. నీళ్ళని శుభ్రం చేసే బాక్టీరియా ఉండేది రాతిలో, నీళ్ళలో కాదు, కాబట్టి రాయికి రాయి పెడితే నీ ట్యాంక్‌కి లోటుండదు. ఇసుక మాత్రం కదపొద్దు, మూడేళ్ళ మురికి ఒక్కసారి పైకి లేస్తుంది.

మూతున్న బకెట్‌లో ట్యాంక్ నీళ్ళే పోసి, బ్యాటరీ గాలి పంపు పెట్టి, బకెట్‌ని థర్మోకోల్ పెట్టెలో దించు. తెల్లవారుజామున బయల్దేరితే ఎండెక్కకుండా వచ్చేస్తావు. శ్రీకాకుళం నుంచి 110 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. జోవాంథిడ్లు వేరే బకెట్‌లో పెట్టు, ఎనిమోన్ కుట్టేస్తుంది. విజయనగరంలో భోజనం తిరుగు ప్రయాణంలో చెయ్యి.

నాగావళి ఒడ్డు
జూలై 20

మొన్న వెళ్ళొచ్చాం. నాన్న సెలవు పెట్టి కారు మాట్లాడారు. రణస్థలం దాటాక వాన అందుకుంది. నాన్న వెనక సీట్లో బకెట్ కాళ్ళ మధ్య పెట్టుకుని, మూత మీద చెయ్యి తీయకుండా కూర్చున్నారు. మూడేళ్ళలో ట్యాంక్ గురించి కరెంటు బిల్లు తప్ప ఏమీ మాట్లాడని మనిషి. ఆనందపురం దగ్గర "గాలి బుడగలు ఆగినట్టున్నాయి, చూడు" అన్నారు. ట్యూబ్ మడతపడింది, సరిచేశాం.

అన్నా, మీ ట్యాంక్‌లో పెట్టాక అది సాయంత్రానికే విచ్చుకుందని మీరు పంపిన ఫొటో అమ్మకి చూపించాను. దూరంగా ఉంటే ఎంత బాగుందో అంది.

ఇంట్లో పెద్ద క్లౌన్, ఆడది, రెండు రోజులు ఎనిమోన్ ఉన్న చోటే ఖాళీగా తిరిగింది. చూడలేకపోయాను. ఈ రోజు పొద్దున్న లెదర్ కోరల్ అంచుని ముక్కుతో పొడుస్తోంది, చిన్నది వెనకాలే.

10 లీటర్లకి సరిపోయే ఉప్పు 370 గ్రాముల చొప్పున తూచి జిప్ కవర్లలో పెట్టాను, పన్నెండు కవర్లు. మూడు వారాలకి రెండు. బియ్యం డబ్బాలో దాచమంది నాయనమ్మ, తేమ పట్టదని.

సంపంగి
జూలై 20

నాన్నగారు బకెట్ పట్టుకున్నది చదివి చాలా బాగనిపించింది. జాగ్రత్తగా వెళ్ళిరా బాబూ. మొదటి నెల రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి ట్యాంక్ గురించి అడగకు. నాయనమ్మ ఎలా ఉందో అడుగు, ట్యాంక్ సంగతి ఆవిడే చెప్తుంది.

నాగావళి ఒడ్డు (ప్రస్తుతం వరంగల్)
అక్టోబరు 4

చాలా రోజులకి వచ్చాను, తరగతులు, ల్యాబులతో తీరలేదు.

మొన్న రాత్రి వాయుగుండం వల్ల శ్రీకాకుళంలో గాలీవానా, ఎనిమిదింటికి కరెంటు పోయిందని నాన్న ఫోన్ చేశారు. వెంటనే టెక్కలి అన్న పోస్ట్ గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. నేనేదో చెప్పబోతుంటే నాయనమ్మ ఫోన్ లాక్కుంది. "ఫ్యానులన్నీ ఆపీసినాన్రా. గోడ మీద మిషను ఎట్టినాను, బుడగలొత్తన్నాయి. మేత ఎయ్యలేదు. నువ్వు పడుకో." వాళ్ళు ఉక్కపోతలో తలుపులు తీసుకుని కూర్చున్నారట.

పదకొండు గంటల తర్వాత కరెంటు వచ్చింది. పొద్దున్న అమ్మ ఫొటో పంపింది, ట్యాంక్‌ది కాదు, సంప్‌ది. నీళ్ళు సరిగ్గా ఎర్ర గీత మీద ఉన్నాయి.

ఉప్పు కవర్లు ఆరే మిగిలాయి. దీపావళి సెలవులకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను, ఇంకో పన్నెండు తూచి పెట్టాలి. ఉప్పునీరు అన్నా, వచ్చేటప్పుడు విశాఖలో దిగితే ఎనిమోన్‌ని ఒకసారి చూడొచ్చా?

ఉప్పునీరు
అక్టోబరు 4

అదేం మాట, తప్పకుండా రా. పోయిన నెల అది రెండుగా చీలింది. రెండోది నీదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకెళ్ళు.